కృష్ణా డెల్టా జలచరాలలో విసర్జన వ్యవస్థ – అంతర సమతుల్యత

ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణానదిలో గోదావరి జలాలు కలుస్తాయి. పట్టిసీమ ఎత్తిపోతల పథకం నుంచి పోలవరం కుడి కాలువ ద్వారా ఈ నీటి మళ్లింపు 2015లో మొదలైంది. దిగువన ప్రకాశం బ్యారేజి నుంచి కాలువల ద్వారా నదీజలం డెల్టాలోని వరి పొలాలకు, చేపల చెరువులకు చేరుతుంది. హంసలదీవి వైపు సాగేకొద్దీ మంచినీటి స్థానంలో ఉప్పునీరు ఎదురవుతుంది. నీటి లవణీయతలో ఇంత వ్యత్యాసం ఉన్నా చేపల రక్త గాఢత మాత్రం స్వల్ప పరిధిలోనే నిలకడగా ఉంటుంది. ఈ స్థితినే సమస్థితి అంటారు. వ్యర్థాలను తొలగించడంతో పాటు నీటిని, లవణాలను క్రమబద్ధం చేయడం కూడా విసర్జన వ్యవస్థ విధియే.

చేపలలో క్రమత

మంచినీటి చెరువులోని శీలావతి, బొచ్చె చేపల రక్తం చుట్టూ ఉన్న నీటి కంటే గాఢమైనది. అందువల్ల ద్రవాభిసరణ ద్వారా నీరు మొప్పల గుండా నిరంతరం దేహంలోకి ప్రవేశిస్తుంది. మూత్రపిండాలు ఈ అదనపు నీటిని పలుచని మూత్రంగా అధిక పరిమాణంలో విసర్జిస్తాయి. కోల్పోయిన లవణాలను మొప్పలలోని ప్రత్యేక కణాలు శక్తిని వినియోగించి నీటి నుంచి గ్రహిస్తాయి.

సముద్రపు చేపలలో పరిస్థితి ఇందుకు విరుద్ధం. వాటి రక్త గాఢత సముద్రపు నీటి గాఢతలో దాదాపు మూడో వంతు మాత్రమే. అవి నీటిని తాగి, మూత్రాన్ని తక్కువగా విసర్జించి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటకు పంపుతాయి. పండుగప్ప రెండు రకాల నీటిలోనూ జీవించగలదు. అయితే మొప్పల కణాలు కొత్త పనికి సిద్ధం కావడానికి వ్యవధి అవసరం. కనుక పిల్లలను కొత్త లవణీయతకు క్రమంగా అలవాటు చేయాలి.

రొయ్యలలో క్రమత

రొయ్యల స్పర్శశృంగాల మూలంలో విసర్జక గ్రంథులు ఉంటాయి. అయితే వనామి రొయ్య మూత్రం గాఢత దాదాపు దాని రక్త గాఢతతో సమానం. కాబట్టి లవణ సమతుల్యత భారం ప్రధానంగా మొప్పలదే. లవణీయత లీటరుకు సుమారు 25 గ్రాములు ఉన్నప్పుడు దాని రక్తం, నీరు సమాన గాఢతలో ఉంటాయి. అంతకంటే తగ్గితే లవణాలను నిలుపుకోవడానికి రొయ్య అదనపు శక్తిని వెచ్చించాలి. మొప్పలలోని సోడియం పంపు పనిచేయడానికి పొటాషియం, మెగ్నీషియం రెండూ కావాలి. తక్కువ ఉప్పు గల బోరు నీటిలో ఇవి లోపిస్తే రొయ్యల మనుగడ దెబ్బతింటుంది. అందుచేత పిల్లలను వదిలే ముందు మొత్తం లవణీయతతో పాటు ఈ ఖనిజాలనూ పరీక్షించాలి.

అమోనియా సమస్య

చేపలు, రొయ్యలు నత్రజని వ్యర్థాలను ప్రధానంగా అమోనియా రూపంలో మొప్పల ద్వారా వదులుతాయి. రక్తంలో అమోనియా ఎక్కువగా, నీటిలో తక్కువగా ఉన్నంతవరకే ఈ విసర్జన సులభంగా సాగుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో ఉదజని సూచిక 7 ఉంటే మొత్తం అమోనియాలో విషపూరితమైన వాయురూపం ఒక శాతానికి లోపే. సూచిక 8 అయితే సుమారు 7.5 శాతానికి, 9 అయితే సుమారు 45 శాతానికి చేరుతుంది. నాచు దట్టంగా ఉన్న చెరువులలో మధ్యాహ్నం కిరణజన్య సంయోగక్రియ వల్ల సూచిక పెరుగుతుంది. ఉదయం సురక్షితంగా కనిపించిన నీరే సాయంత్రానికి ప్రమాదకరం కావడానికి కారణమిదే.

అప్పుడు అమోనియా రక్తంలోనే నిలిచిపోయి చేప మేత మానుతుంది. మిగిలిన మేత కుళ్లి అమోనియాను మరింత పెంచుతుంది.

రైతులు పాటించవలసిన జాగ్రత్తలు

అమోనియాను, ఉదజని సూచికను మధ్యాహ్నం తర్వాత కూడా పరీక్షించాలి. చేపలు మేత తగ్గించిన రోజున మేత మోతాదును వెంటనే తగ్గించాలి. అమోనియా అధికంగా ఉన్నప్పుడు సూచికను పెంచే సున్నం చల్లరాదు. ఏరేటర్లు నడుపుతూ, వీలైనచోట కొంత నీటిని మార్చాలి. జలచరాలకు చుట్టూ ఉన్న నీరే విసర్జన మార్గం. ఆ నీరు కలుషితమైతే మూత్రపిండాలు ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఆ లోటును పూడ్చలేవు.