మూలల్లో పౌడర్ పట్టడం లేదు, ఎందుకు?

ప్రశ్న: గేట్లు, కిటికీ గ్రిల్స్‌కు పౌడర్ కోటింగ్ వేసే చిన్న షెడ్డు మాది. బూత్‌లో మిగిలిన పౌడర్‌ను జల్లించి మళ్లీ వాడుతున్నాం. ఈమధ్య మూలల్లో పౌడర్ పట్టడం లేదు. గన్ నుంచి ఉండలుగా వస్తోంది. గన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, బడంగ్‌పేట్

జవాబు: గన్ కంటే ముందు పౌడర్‌ను అనుమానించండి. కొత్త పౌడర్‌లో రేణువులు సాధారణంగా 10 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటాయి, సగటున 30–40. పెద్ద రేణువులు ముందుగా ఇనుముకు అంటుకుంటాయి. 10 మైక్రాన్ల లోపు నుసి గాలివాటుకు కొట్టుకుపోయి బూత్‌లో మిగులుతుంది. మీ జల్లెడ ఉండలను, చెత్తను ఆపుతుందే తప్ప నుసిని ఆపలేదు. అందుకే వాడేకొద్దీ నుసి పెరుగుతుంది. అది గొట్టాల్లో పేరుకుని ఉండకడుతుంది. వానాకాలం తేమ తోడైతే మరీ ఎక్కువ.

రేణువు వ్యాసం సగమైతే బరువు ఎనిమిదో వంతుకు, ఉపరితలం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఛార్జి పట్టేది ఉపరితలం మీదే, అంటే బరువుతో పోలిస్తే ఛార్జి రెట్టింపు. అయినా అంత తేలికైన రేణువును గన్ గాలే లోపలి మూలల నుంచి బయటకు తోసేస్తుంది. పైగా విద్యుత్ క్షేత్రం అంచుల దగ్గరే బలంగా ఉంటుంది.

పాత పౌడర్‌కు కనీసం సమపాళ్లలో కొత్తది కలపండి. మూలలకు వోల్టేజీ, గాలి రెండూ తగ్గించి ముందుగా కొట్టండి. హుక్కులకు పట్టిన పెచ్చులు గీకి, ఎర్తింగ్ సరిచూడండి. గాల్లో తేలే నుసికి నిప్పురవ్వ తగిలితే పేలుడు ప్రమాదం ఉంది, బూత్ ఫ్యాన్ ఆపకండి. ఇవన్నీ చేశాకా మార్పు లేకపోతేనే గన్ సంగతి చూడండి.