నామినీ గడి

లాల్ దర్వాజా,
ఆదివారం.

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. గచ్చిబౌలి ఆసుపత్రిలో నీ పేగుల జబ్బు కొత్త మందు ట్రయల్‌కు పేరిస్తున్నావట, ఫారంలో 'నామినీ' అని గడి ఉందట. "అన్నా, నా కొడుకు చావు లెక్క ముందే రాసుకుంటున్నారు" అంటుంది. "నీ బ్యాంకు పాస్‌బుక్కులో నామినీ వాడే కదమ్మా" అని నవ్వించాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు.

వద్దనడం లేదు అల్లుడూ. స్టెరాయిడ్లు వేసుకున్నన్నాళ్లు మొహం ఉబ్బడం, తగ్గించగానే మళ్లీ నెత్తురు. పెళ్లికి పోయినా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకునే పిల్లాణ్ణి ఇంకా ఓర్చుకోమనడానికి నాకు నోరు రాదు.

నా పట్టంతా కాగితం మీదే. రిజిస్ట్రేషన్ ఆఫీసు అరుగు మీద నాకు దస్తావేజులు రాసే పని నేర్పిన ఉస్తాద్, ఎంత తొందరున్నా హద్దులు పైకి చదివించేవాడు. ఒకసారి అలియాబాద్ ముసలామె అప్పటికే బొటనవేలికి సిరా పూసుకుంది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపి, మొదటి నుంచి చదివాడు. చూస్తే ఉత్తరాన ఆమె ఉంచుకుంటానన్న బావి కూడా అమ్మకంలో కలిసిపోయింది! కొనేవాడు నీళ్లు నమిలాడు. ఆ సాయంత్రం ఉస్తాద్ ఇరానీ చాయ్, బిస్కెట్లు ఇప్పించాడు... నువ్వు తినలేనివి నీకెందుకు చెప్తున్నానో.

2019 నాటి ట్రయల్ నిబంధనల్లోని సమ్మతి పత్రం చూశాను. ఒక్క సంతకంతో పోదు. ఒక్కో వాక్యం పక్కన గడి, గడిలో నీ పొట్టి సంతకం. సమాచారం చదివి అర్థం చేసుకున్నానని ఒకటి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానుకోవచ్చు, దానివల్ల నీ వైద్యానికి లోటు రాదని ఒకటి. నీ ఆరోగ్య రికార్డులు కంపెనీవాళ్లూ ఎథిక్స్ కమిటీవాళ్లూ చూడొచ్చని ఇంకొకటి. అక్కడ కాసేపు ఆగు. నర్సమ్మ "ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపిస్తే గబగబా గీకెయ్యకు. ఇంటికి తెచ్చుకుని చదువుతానను. తెలుగు ప్రతి కూడా అడుగు, మీ అమ్మ చదవాలి. సంతకాలయ్యాక ఒక ప్రతి నీ చేతికివ్వాల్సిందే. 2009 నుంచి ఇలాంటి ట్రయల్స్‌ని ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి, ఆ సీటీఆర్ఐ నంబరు రాసుకురా. రిజిస్టర్ కాని దస్తావేజు నేను ముట్టను.

చాదస్తం అనుకుంటావేమో. 1897లో మన బేగంపేటలోనే రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు, దోమకో అణా ఇచ్చి. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. ఆ ఖాన్ సాబ్‌కు ఎవరైనా ఏదైనా చదివి వినిపించారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

డాక్టర్‌ను అడగాల్సినవీ ఉన్నాయి. లాటరీ తీసినట్టు కొందరికి మందు లేని మాత్ర పడుతుందంటారు. నీకదే పడి మళ్లీ నెత్తురు మొదలైతే ఏం చేస్తారు? ఎన్నాళ్లు చూస్తారు? ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం రూల్లోనే ఉన్నాయి, రాత్రిపూట ఫోన్ ఎవరెత్తుతారో కనుక్కో. ఇక మీ తాత టీబీతో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ఉన్న సంగతి దాచకు. ఈ జబ్బుకిచ్చే మందులు కొన్ని ఒంటి కాపలాను తగ్గిస్తాయి, లోపల నిద్రపోతున్న టీబీ ఉంటే లేచి కూర్చోవచ్చు. చార్మినార్ దగ్గర తెచ్చుకునే యునానీ చూర్ణం సంగతీ చెప్పెయ్. మొహమాటపడకు, డాక్టర్లు ఇంతకంటే వింతవి విని ఉంటారు.

అన్నం తింటున్నావా? పోయిన నెల చూస్తే చొక్కా భుజాల మీంచి జారుతోంది.

వచ్చే ఆదివారం ఫారం పట్టుకుని రా, ఇద్దరం పైకి చదువుదాం. ఫలక్‌నుమా దాకా ఎంఎంటీఎస్‌లో వస్తానంటావు, వద్దు, ఆ బోగీల్లో బాత్రూం ఉండదు. క్యాబ్‌లో రా, డబ్బులు నేనిస్తాను, దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. మీ అత్త కారం లేకుండా పెసరపప్పు వండుతానంది.

మీ మామయ్య