మెరీనాలో వైఫై: సిగ్నల్ ఫుల్, నెట్ నిల్.. ఎందుకిలా? ఎలా సెట్ చేయాలి?

కొచ్చిలోని బోల్గాట్టి ద్వీపంలో ఒక మెరీనా ఉంది. మెరీనా అంటే బోట్ల పార్కింగ్ అనుకోండి. నీటి మీద తేలే జెట్టీలు, వాటికి రెండు వైపులా కట్టేసిన యాట్‌లు, స్పీడ్‌బోట్లు. ఇలాంటి ఏ చోటైనా వైఫై పెట్టమంటే మనలో చాలామందికి ముందు తట్టే ఐడియా ఒకటే: ఒడ్డున ఆఫీసు బిల్డింగ్ మీద పవర్‌ఫుల్ రౌటర్ బిగించేయడం. జెట్టీ చివరికి వెళ్లి ఫోన్ చూస్తే బార్స్ అన్నీ ఉంటాయి. వాట్సాప్‌లో ఒక ఫొటో పంపితే మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇది రీల్స్ చూసేవాళ్ల బాధ ఒక్కటే కాదు. ఓనర్ వేరే ఊళ్లో ఉన్నప్పుడు బోటును కనిపెట్టుకుని ఉండేవి కెమెరా, బ్యాటరీ మానిటర్, అడుగున నీరు చేరితే అలర్ట్ పంపే సెన్సర్. ఇవి చాలా బోట్లలో వైఫై మీదే నడుస్తాయి. నెట్ లేకపోతే ఆ అలర్ట్ బోటు దాటి బయటికి రాదు.

బార్స్ చెప్పేది సగమే

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో యాంటెన్నా గెయిన్‌తో కలిపి 4 వాట్ల దాకా పంపొచ్చు. ఫోన్‌లోని వైఫై మాత్రం మామూలుగా 50 మిల్లీవాట్ల అటూ ఇటూ. స్టేజీ మీద మైకు పట్టుకున్నవాడి మాట చివరి వరస దాకా వినిపిస్తుంది, చివరి వరసలో ఉన్నవాడు ఇచ్చే జవాబు స్టేజీకి వినిపించదు. ఇక్కడ జరిగేదీ అదే. ఫోన్‌లో బార్స్ చూపించేది రౌటర్ గొంతును. మీ గొంతు రౌటర్‌కు చేరుతోందో లేదో అవి చెప్పవు. మంచి యాంటెన్నా వినడానికి కూడా పనికొస్తుంది కాబట్టి దానివల్ల కొంత ఉపయోగం ఉంది. ఉత్త ట్రాన్స్‌మిట్ పవర్ పెంచితే మాత్రం ఫోన్‌కు ఒరిగేదేమీ లేదు.

దీనికి తోడు నీళ్లు. నీటి ఉపరితలం రేడియో తరంగాలకు దాదాపు అద్దమే. రౌటర్ నుంచి నేరుగా వచ్చే సిగ్నల్, నీటి మీద పడి తిరిగొచ్చే సిగ్నల్ రెండూ ఫోన్ దగ్గర కలుస్తాయి. ఒకసారి ఒకదానికొకటి బలం ఇస్తాయి, ఇంకోసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌లో సుమారు 5.5. రెండు దారుల పొడవులో అందులో సగం తేడా మారినా లెక్క తారుమారు. రౌటర్ ఒడ్డున కదలకుండా ఉంటుంది, బోటేమో పోటుతో పైకి, ఆటుతో కిందికి వెళుతుంది. అందుకే పొద్దున బాగా పనిచేసిన నెట్ సాయంత్రానికి అదే బోటులో మొరాయిస్తుంది.

యాక్సెస్ పాయింట్‌ను తేలే జెట్టీ మీదే పెడితే? జెట్టీ, బోటు రెండూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. ఆటుపోట్ల గొడవ చాలావరకు అక్కడే తగ్గిపోతుంది. దూరం తగ్గడంతో ఫోన్ గొంతు కూడా చేరుతుంది. మెరీనాలో పెద్ద రౌటర్ ఒకటి కాదు, చిన్నవి నాలుగు కావాలి అనేది ఇందుకే.

సెటప్ ఎలా?

120 మీటర్ల జెట్టీ అనుకుందాం. 40 మీటర్లకు ఒకటి చొప్పున మూడు ఔట్‌డోర్ యాక్సెస్ పాయింట్లు, 3 నుంచి 4 మీటర్ల ఎత్తు స్తంభాల మీద. పవర్ తగ్గించి పెట్టండి. 2.4లో ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. పక్కపక్క రెండింటికి ఒకే ఛానెల్ వద్దు. 1, 2 ఎంబీపీఎస్ లాంటి పాత స్పీడ్లను సెట్టింగ్స్‌లో ఆపేయండి, లేకపోతే దూరంగా ఉన్న ఒక్క ఫోన్ అందరి టైమూ తినేస్తుంది. సెన్సర్లు మరీ పాతవైతే ఆపేముందు అవి కనెక్ట్ అవుతున్నాయో లేదో చూసుకోండి.

వీటిని కలపడానికి వైర్‌లెస్ మెష్ వద్దు. ఇంట్లో మెష్ బాగానే ఉంటుంది. ఇక్కడ ఒకే రేడియోతో ముందుకు పంపే ప్రతి అంచెకూ స్పీడ్ సగమవుతుంది, మధ్యలోకి అల్యూమినియం తెరచాప స్తంభాలు వచ్చి అడ్డు పడతాయి. ఒడ్డు నుంచి జెట్టీకి ఫైబర్ లాగండి. ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్లు దాటి నమ్మకంగా పనిచేయదు. పైగా ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి పిడుగు పడినప్పుడు ఆ దారిన వచ్చే ముప్పు ఉండదు. జెట్టీ మీద వాటర్‌ప్రూఫ్ పెట్టెలో ఒక పీవోఈ స్విచ్, అక్కడి నుంచి యాక్సెస్ పాయింట్లకు ఔట్‌డోర్ కేబుల్.

కేబుల్ తెగేది ఎక్కువగా ఒడ్డూ జెట్టీ కలిసే చోట. జెట్టీ కదులుతూనే ఉంటుంది కదా, అక్కడ వదులుగా ఒక లూప్ వదలాలి. ఉప్పుగాలికి ఆర్‌జే45 పిన్‌లు పచ్చబడతాయి, కాబట్టి కనెక్టర్‌కు డైఎలక్ట్రిక్ గ్రీజు, పైన సీలింగ్ టేపు. క్లాంపులు 316 గ్రేడ్ స్టీలువి కొనండి, మామూలు 304కి ఉప్పుగాలిలో మచ్చలు త్వరగా పడతాయి.

బోట్ల మీద తిరిగే రాడార్ వైఫైని చెడగొడుతుందని చాలామంది అనుకుంటారు. అవి ఎక్కువగా 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, మన బ్యాండ్‌లో కాదు. అయినా 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఛానెళ్లలో రాడార్ కనిపించినట్టు అనుమానం వస్తే చాలు, యాక్సెస్ పాయింట్ ఛానెల్ మార్చేసుకుని అందరినీ ఒక్కసారి కట్ చేస్తుంది. 36 నుంచి 48, లేదా 149 నుంచి 165 వాడితే ఆ తలనొప్పి లేదు.

ఓటీపీ అడిగితే సెన్సర్ ఏం చేస్తుంది?

గెస్టులకు ఫోన్ నంబర్, ఓటీపీ పేజీ పెట్టడం మామూలే. నీటి సెన్సర్ ఓటీపీ కొట్టలేదు! అందుకే డివైజ్‌లకు వేరే నెట్‌వర్క్ పేరు, మామూలు డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్, 2.4 బ్యాండ్. ఇలాంటి చవక సెన్సర్లలో చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ రాదు, కొన్ని డబ్ల్యూపీఏ3కి కనెక్ట్ కావు. ఒక బోటు డివైజ్ పక్క బోటు కెమెరాను చూడకుండా క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేయడం మరచిపోవద్దు. ఓనర్‌కు ఒక మాట ముందే చెప్పండి: ఫైబర్‌గ్లాస్ బోటైతే లోపలికి సిగ్నల్ వస్తుంది, స్టీలు లేదా అల్యూమినియం బోటైతే బయట యాంటెన్నా పెట్టాల్సిందే.

పని అయ్యాక టెస్ట్. బోట్లు ఖాళీగా ఉన్న రోజు చేస్తే లాభం లేదు, నిండా ఉన్నప్పుడు చేయండి. ఒకసారి పోటులో, ఒకసారి ఆటులో. ఫోన్‌లో పింగ్ యాప్ పెట్టి ముందు రౌటర్ అడ్రస్‌కు, తర్వాత 8.8.8.8కి పింగ్ చేయండి. మొదటిదే ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు జెట్టీ మీద వైఫైది. మొదటిది బాగుండి రెండోది చెడితే తప్పు ఇంటర్నెట్ లైన్‌ది, దానికి 4జీ లేదా 5జీ బ్యాకప్ రౌటర్ చూసుకోవాలి. ఫోన్‌లో బార్స్ చూడటంతో ఆపకండి, యాక్సెస్ పాయింట్ డాష్‌బోర్డ్‌లో మీ ఫోన్ సిగ్నల్ ఎంత చూపిస్తోందో చూడండి. మైనస్ 67 డీబీఎం కంటే మెరుగ్గా ఉంటే వీడియో కాల్ కూడా నడుస్తుంది.

చివరగా, స్విచ్‌కూ ఒడ్డున ఉన్న ఫైబర్ మోడెమ్‌కూ యూపీఎస్ రెండు చోట్లా పెట్టండి. గాలివాన వచ్చినప్పుడే కరెంటు పోతుంది, బోటులో నీరు చేరేదీ అప్పుడే.