ఆర్ భాషయు, సహాయకయంత్రములును

కంప్యూటరుచేత గణాంకములను లెక్కింపించు భాషలలో ఆర్ అనునది ప్రసిద్ధమైనది. న్యూజీలాండు దేశమందలి ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను నిరువురు పండితులు దీనిని నిర్మించిరి. 1.0.0 ప్రతి 2000 సంవత్సరము ఫిబ్రవరి 29వ తేదీని వెలువడినది; నాలుగేండ్ల కొకసారి వచ్చు పుట్టినరోజు!

కృత్రిమమేధగల సహాయకయంత్రముల విద్య వేఱు. అవి మాటవెంట మాటను గూర్చును. మార్కుల సరాసరి యడిగినచో, పట్టికను చూడకయే పొసఁగినట్లు తోఁచు సంఖ్యను చెప్పినను చెప్పును. ఇట్టి యంత్రములకును పనిముట్లకును నడుమ నొక సామాన్యపద్ధతిగా మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనుదానిని ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించెను. ఎమ్.సి.పి.టూల్స్ అను ప్యాకేజీ ఆర్ భాషను దీనితోఁ గలుపుచున్నది. ఆర్ తన పనిముట్ల పేళ్లను, ప్రయోజనములను ముందుగాఁ దెలుపును. సహాయకయంత్రము తగినదానిని కోరును. లెక్క ఆర్ చేసి ఫలమును పంపును. ఒకసారి వ్రాసిన పనిముట్టును, ఈ పద్ధతి నెఱిఁగిన యే సహాయకయంత్రమైనను వాడుకొనవచ్చును.

అయినను జాగ్రత్త వలయును. అయిదుగురు బాలురలో నలుగురికి 40, 60, 50, 70 మార్కులు వచ్చినవనియు, ఒకఁడు పరీక్షకు రాలేదనియు ననుకొందము. ఆ ఖాళీని ఎన్.ఏ. అని గుర్తించి సరాసరి యడిగిన, ఆర్ సంఖ్య నీయక ఎన్.ఏ. అనియే బదులు చెప్పును. ఖాళీని విడువుమన్న 55. సున్న యనుకొన్న 44. సహాయకయంత్రము మన నడుగకయే విడువుమని యాజ్ఞ పంపవచ్చును. కావున ఫలముతోపాటు, పంపిన యాజ్ఞనుగూడ చూపుమని మేము మా విద్యార్థులచే నడిగింతుము.