బొంగరముల అభ్యాసకూటము

శనివారము మధ్యాహ్నము మన పాఠశాల పడమటి వసారాలో పుట్టు గరగర ధ్వనిని గూర్చి కొందఱు తలిదండ్రులు మమ్మడిగి యున్నారు. “మాస్టారూ, బొంగరములాడుటకు గూడ నొక యుపాధ్యాయుడు కావలెనా?” యని యొకరు నవ్వుచు ననిరి. ప్రశ్న న్యాయమైనదే. బొంగరము త్రిప్పుటకు ఉపాధ్యాయుడక్కఱలేదు. పిల్లలు ఒకరిని జూచి యొకరు నేర్తురు. కాని యోడినవాడు చిన్నబోయి యింటికి పోక, తానేల యోడెనో తెలిసికొని, మఱుసటి వారము మరల వచ్చునట్లు చేయుటకు కొంత యేర్పాటు కావలెను. ఆ యేర్పాటును మేము మొదట తప్పుగా జేసి పిమ్మట దిద్దుకొంటిమి. ఇతర పాఠశాలలవారికిని, ఇంటివద్ద నాలుగిండ్ల పిల్లలను గూర్చి యాడింపదలచు పెద్దలకును పనికివచ్చునని దానినిక్కడ వ్రాయుచున్నాము.

1. ఆటవస్తువు

మన యూళ్లలో బొంగరమనగా కొయ్యతో చేసి, అడుగున ఇనుప ములుకు దిగగొట్టి, త్రాడు చుట్టి విసరునది. జపాను దేశపు పిల్లలకును ఇట్టి యాట యొకటి గలదు. పూర్వము వారు ‘బై’ యను సముద్రపు నత్తగుల్లలో ఇసుక నింపి, మైనముతో మూసి, త్రాటితో త్రిప్పెడివారు. దానినుండియే బేగోమా యను పేరు వచ్చెను. తరువాత వానిని లోహముతో పోతపోయసాగిరి. తొట్టిమీద గుడ్డను పఱచి, నడుమ కొంచెము పల్లముగా నుండునట్లు కట్టి, దానిమీద ఇరువురును తమ బొంగరములను వదలుదురు. ఎవని బొంగరము బయటపడునో వాడోడినవాడు.

1999 సంవత్సరమున టకారా యను జపాను బొమ్మల కంపెనీ యీ పాత యాటకే క్రొత్త రూపమిచ్చి బేబ్లేడ్ అను పేరుతో విక్రయింప నారంభించెను. 2006లో ఆ కంపెనీ టోమీ యను వేఱొక కంపెనీతో కలిసిపోయెను. గుడ్డకు బదులుగా ప్లాస్టిక్ గుంటపళ్లెమును, త్రాటికి బదులుగా లాంచరను చేతిపరికరమును వచ్చినవి. 2023లో వెలువడిన బేబ్లేడ్ ఎక్స్ అను రకములో బొంగరమునకు మూడు భాగములుండును: పైన బరువైన చక్రము, నడుమ దానిని బిగించి యుంచు భాగము, క్రింద మొన. వీనిని విడదీసి వేఱొక బొంగరపు భాగములతో కూర్చుకొనవచ్చును.

ఈ రకపు ఆటలో ఎదుటివాని బొంగరము తనకంటె ముందుగా ఆగిపోయినచో 1 గుణము. అది గుంటలోనుండి జేబులో పడినను, భాగములుగా విడిపోయినను 2 గుణములు. గుంట యంచుననున్న పండ్లపట్టీ వేగముచే నెదుటిదానిని ప్రధానమైన జేబులోనికి గొట్టివేసినచో 3 గుణములు. ముందుగా 4 గుణములు పొందినవారు గెలిచినవారు.

2. ఇందలి శాస్త్రము

తిరుగుచున్న వస్తువు తన యిరుసు దిక్కును సులభముగా విడువదు. అందువలననే బొంగరము వేగముగా నున్నంతవఱకు నిలిచి, రాపిడిచే వేగము తగ్గగానే తూగి పడిపోవును. బరువు నడుమకంటె అంచుననున్నచో ఆ తిరుగుడు ఎక్కువసేపు నిలుచును. మొన సన్ననిదైనచో రాపిడి తక్కువై బొంగరము ఒకేచోట చాలసేపు తిరుగును. మొన వెడల్పై చదునుగా నున్నచో అది గుంటయంతట పఱుగులెత్తి యెదుటిదానిని బలముగా ఢీకొనును గాని త్వరగా నలసిపోవును.

కావున అన్నింటిని గెలుచు బొంగరమనునది లేదు. దుకాణములో ఎక్కువ వెల పెట్టినంత మాత్రమున జయము రాదు. ఏ మొనకు ఏ చక్రము పొసగునో, ఎంత వాలుగా వదలవలెనో, ఎదుటివాని రీతిని బట్టి దేనిని తీయవలెనో పలుమారులు ఆడి చూచినగాని తెలియదు. ఇందుకే అభ్యాసకూటము అవసరము.

3. మా పొరపాటులు

గత సంవత్సరము జూలై నెలలో మొదటి కూటమునకు 16 మంది బాలబాలికలు వచ్చిరి. మేము దానిని పోటీవలె నడిపితిమి. ఓడినవారు తొలగవలెను, గెలిచినవారు సాగవలెను. లెక్క చూడుడు. ప్రతి యాటకును ఒక్కరు తొలగుదురు గనుక 16 మందిలో నొక్క విజేతను తేల్చుటకు 15 ఆటలు చాలును. కాని మొదటి 8 ఆటలు ముగియగానే 8 మంది గోడప్రక్కన చేరిరి. అభ్యాసము ఎవరికి మిక్కిలి యవసరమో వారికి ఒక్క యాటయే దొరకెను. ఎవరికి తక్కువ యవసరమో వారికి నాలుగు దొరకెను. రెండవ శనివారము 9 మంది మాత్రమే వచ్చిరి. పిల్లలకు ఆసక్తి తగ్గినదని మేమనుకొంటిమి. నిజమునకు వారిని పంపివేసినది మా పద్ధతియే.

రెండవ పొరపాటు ఇంతకంటె పెద్దది. కూటము ముగిసిన పిమ్మట కొందఱు బాలురు చింతచెట్టు వెనుక పందెము కట్టి యాడుచుండిరి. ఓడినవాని బొంగరము గెలిచినవానికి చెందవలెను. ఇది మేమెఱుగము, ఎఱుగవలసిన వారమై యుండియు విచారింపలేదు. ఆఱవ తరగతి బాలుడొకడు తన బొంగరమును ఇట్లు పోగొట్టుకొనెను. వాని తండ్రి బియ్యపు మరలో హమాలీ పని చేయుచు, మూడు వారములు కూడబెట్టి దానిని కొనియిచ్చెను. బాలుడు భయపడి, దానిని బడిలో నెవరో దొంగిలిరని యింటిలో చెప్పెను. తల్లి మాయొద్దకు వచ్చినది. నిజము తెలిసిన పిమ్మట ఆమె, “మాస్టారూ, పోయినది బొంగరమే యైతే పోనిండు. పిల్లవాడు అబద్ధమాడుట నేర్చినాడు” అనెను. ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయెను. బొంగరమును గెలిచిన బాలుడు మఱునాడే తిరిగి యిచ్చెను. ఆఱవ తరగతి బాలుడు మాత్రము కూటమునకు రావడము మానెను.

జపానులోను బేగోమా ఆటలో ఓడినవాని బొంగరమును గెలిచినవాడు తీసికొను వాడుక యుండెను; అందువలన దానిని జూదముగా నెంచి పెద్దలు మందలించెడివారు. మన పల్లెలలో ఓడినవాని కొయ్య బొంగరమును నేలనుంచి ములుకులతో పొడిచి చీల్చు నాట యున్నది. ఆట బాగుగనే యుండును గాని, చీలిన బొంగరముతో నెవరును రేపటికి అభ్యాసము చేయలేరు.

4. దిద్దుకొనిన యేర్పాటు

గుంపులు. 16 మందిని నలుగురు చొప్పున 4 గుంపులు చేసితిమి. గుంపులో ప్రతివారును తక్కిన ముగ్గురితోను ఆడవలెను. నలుగురికి మూడేసి ఆటలనగా 12. ప్రతి యాటయు ఇద్దఱి లెక్కలో చేరుచున్నది గనుక అందులో సగము, అనగా 6 ఆటలు. నాలుగు గుంపులకు 24 ఆటలు. మాకు గుంటపళ్లెములు రెండే గలవు. ఒక యాటకు 4 నిమిషముల చొప్పున రెండు గుంపులు 24 నిమిషములును, తక్కిన రెండు గుంపులు మఱి 24 నిమిషములును ఆడగా 48 నిమిషములలో అందఱును మూడేసి ఆటలాడుదురు. మిగిలిన కాలము వదలుట నేర్చుటకును, ముచ్చటించుటకును సరిపోవును. గంటన్నరలో కూటము ముగియును.

పనులు. నలుగురిలో ఇద్దఱాడుచుండగా ఒకరు తీర్పరి, ఒకరు లేఖకుడు. ప్రతి యాటకును పనులు మాఱును. ఇప్పుడు ఓడినవాడు మఱి నాలుగు నిమిషములకు తీర్పు చెప్పవలసి యుండును గనుక, తీర్పరితో తగవులాడుట చాల తగ్గినది. తిరుగుచున్న గుంటమీదికి మొగము వంచరాదనియు, తీర్పరి “ఒకటి” యని లెక్క ముగించినగాని వదలరాదనియు కట్టడి గలదు.

పుస్తకము. లేఖకుడు మూడు సంగతులు వ్రాయును: ఏ భాగములతో ఆడిరి, ఎట్లు ముగిసెను, ఓడినవారి యభిప్రాయమున కారణమేమి. మూడవదానిని ఓడినవారే చెప్పవలెను. కారణమును పరీక్షింపగోరువారు ఒకసారి ఒక్క సంగతినే మార్చవలెను. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తన మొన మంచిది కాదని నమ్మియుండెను. పాత మొనతో 10 సారులు, క్రొత్త మొనతో 10 సారులు వదలి గడియారముతో చూడగా భేదమగపడలేదు. పిమ్మట లాంచరు పట్టిన చేతిని వాల్చక సమముగా నుంచి చూచెను. కాలము స్పష్టముగా హెచ్చెను. క్రొత్త మొనకై యామె తండ్రి వెచ్చింపనున్న రూకలు మిగిలినవి.

పెట్టె. బొంగరము లేని పిల్లవాడు కూటమునకు రాలేకపోవుట మాకు సమ్మతము గాదు. పాఠశాల సొమ్ముతో 6 బొంగరములు కొని పెట్టెలో నుంచితిమి. ఎవరైనను అడిగి తీసికొనవచ్చును, కారణము చెప్పనక్కఱలేదు. ప్రతివారి బొంగరమును రాగానే చీటిమీద వ్రాసికొని, పోవునప్పుడు ఆ చీటితో సరిచూతుము, పందెము లేదు. నెలకొక శనివారము కొనిన బొంగరములన్నియు ప్రక్కనుంచి, ఏటికొప్పాక లక్కబొంగరములను వేలితో త్రిప్పి, ఎవనిది చాలసేపు నిలుచునో చూతుము. వరాహనది యొడ్డున ఆ గ్రామపు పనివారు అంకుడు కఱ్ఱను తరిమెనబట్టి లక్క రంగులద్ది చేయు బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ దినమున ధనికుని కుమారునికిని, హమాలీ కుమారునికిని ఒకటే బొంగరము.

5. ఫలము

ఆఱవ తరగతి బాలుని యింటికి మేమే పోయి పిలిచితిమి. వాడు వచ్చి పెట్టెలోని బొంగరముతో ఆడి మూడాటలును ఓడెను. పుస్తకములో “తొందరపడి ముందే వదలితిని” అని మూడుచోట్ల వ్రాయించెను. మఱుసటి వారము ఒక యాట గెలిచెను. ఇంతవఱకు ఏ పోటీలోను వానికి బహుమానము రాలేదు. కాని యొక్క శనివారమైనను మానలేదు. తాను ఓడిన కారణమును నలుగురియెదుట దాచక చెప్పగల బాలునికి ఇంటిలో అబద్ధముతో పని తగ్గునని వాని తల్లికి చెప్పితిమి. ఆమె, “చూతము మాస్టారూ” అనెను. మేమును చూచుచున్నాము.

ప్రశ్నలు

1. గుంపులో ఐదుగురుండి, ప్రతివారును తక్కిన అందఱితో నొక్కొక్కసారి ఆడినచో ఎన్ని యాటలగును?
2. సన్నని మొనకును చదును మొనకును గల భేదమును, దాని కారణమును చెప్పుము.
3. ఒకేసారి మొనను, చక్రమును గూడ మార్చి పరీక్షించినచో ఏ సంగతి తెలియక పోవును?
4. నీవు ఇటీవల ఓడిన యాట యొకదానిని తలచుకొని, ఎదుటివానిని నిందింపక, కారణమును రెండు వాక్యములలో వ్రాయుము.