పత్రికాకర్త యెవఁడు?

ఈశ్వరదత్తమైన బుద్ధితో నే మతగ్రంథమునైనను విమర్శించుట పాపమని మేము తలఁపము. క్రైస్తవుల నూతననిబంధనమునందుఁ బౌలు పేరిట 13 పత్రికలున్నవి. వానిలో రోమీయులకు, గలతీయులకు వ్రాసినవి మొదలుగా 7 పత్రికలు పౌలువే యని విమర్శకులలోఁ బెక్కండ్రంగీకరింతురు. తక్కినవానినిగూర్చి వివాదము గలదు. రోమీయుల పత్రికను సహితము పౌలు చెప్పఁగాఁ దెర్తియు అనువాఁడు వ్రాసెను.

తొలుతఁ బంపఁబడిన మూలప్రతులలో నొక్కటియు నేఁడు లేదు. సంఘములవారు పఠించి, ప్రతులు వ్రాసికొని, యొండొరులకుఁ బంపుకొనుటచేతనే యా పత్రికలు నిలిచినవి. ఐగుప్తుదేశమున దొరకిన, సుమారు క్రీ. శ. 200 నాఁటి జమ్ముకాగితపుఁ బ్రతిలో 86 పత్రములు మిగిలినవి. వానిలో 56 డబ్లిను నగరమునను, 30 మిచిగను విశ్వవిద్యాలయమునను భద్రపఱుపఁబడి యున్నవి.

ఆ ప్రతియందు రోమీయుల పత్రిక వెనువెంటనే హెబ్రీయుల పత్రిక యున్నది. కాని దానిలోఁ గర్త పేరే లేదు. దానిని వ్రాసినవాఁడెవఁడో దేవునికే యెఱుక యని 3వ శతాబ్దమున నొరిగెను అను పండితుఁడు చెప్పెను. చెప్పియు దానిని విడువక, యందలి భావములను గౌరవించెను.

పేరు చూచి వాక్యమును నమ్ముటయుఁ, బేరు లేదని సత్యమును ద్రోసివేయుటయు రెండును దోషములే. మన శాస్త్రములను జదువునప్పుడును మన మీ మార్గమునే యవలంబింతము గాక.