మామయ్య అడుగులు

ఒక ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడు. వయసు 62. వ్యవసాయంలో ఆరితేరిన మనిషి. ఈమధ్య ఆయన నడక మారింది. అడుగులు చిన్నవయ్యాయి. కాళ్లు ఈడుస్తూ నడుస్తున్నాడు. నడిచేటప్పుడు కుడి చెయ్యి ఊగడం లేదు. గడప దగ్గరకు వచ్చి ఆగిపోతున్నాడు. కాలు నేలకు అతుక్కుపోయినట్టు ఉంటుంది.

"పని తప్పించుకోవడానికి వేషాలు" అన్నాడు కొడుకు.

"ముసలితనం. దానికి మందేముంది?" అంది భార్య.

కోడలికి మనసు ఒప్పలేదు. నర్సమ్మను అడిగింది.

"ముసలితనంలో నడక నెమ్మదిస్తుంది, నిజమే. కానీ ఇలా మారితే డాక్టరుకు చూపించాలి. ఈ నాలుగు రోజులూ ఆయన నడక చూసి నోటుబుక్కులో రాయి. ఆ పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి" అంది నర్సమ్మ.

కోడలు కిందటేడే చదువు నేర్చుకుంది. అంకెలు బాగా వచ్చు. అరుగు నుంచి వేపచెట్టు దాకా మామను నడవమంది. అడుగులు లెక్కపెట్టింది. గడియారం చూసింది. ఇలా రాసింది:

పొద్దున: 24 అడుగులు, 18 సెకన్లు.
సాయంత్రం: 31 అడుగులు, 27 సెకన్లు. దారిలో 2 సార్లు ఆగారు.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు ఆ పుస్తకం చూశాడు. పెద్దాయనను నడిపించి చూశాడు. వేళ్లు ఆడించమన్నాడు.

"ఇది పార్కిన్సన్ జబ్బు. బద్ధకం కాదు. మెదడులో డోపమిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతుంటే కదలిక కష్టమవుతుంది. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాశాడు. ఆయన పేరే దీనికి పెట్టారు. దీన్ని వణుకుడు జబ్బు అంటారు. కానీ వణుకు అందరికీ ఉండదు" అన్నాడు.

డాక్టరు ఇంకో సంగతి చెప్పాడు.

"నువ్వు చేసిన పనే అమెరికాలో, బోస్టన్ నగరంలో శాస్త్రవేత్తలు చేశారమ్మా. పార్కిన్సన్ జబ్బు ఉన్నవాళ్లు 15 మంది. హంటింగ్టన్ అనే మరో మెదడు జబ్బు ఉన్నవాళ్లు 20 మంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 16 మంది. అందరి బూట్లలో పలచని పరికరం పెట్టారు. 5 నిమిషాలు నడిపించారు. ఒక్కో అడుగుకు ఎంత సమయం పట్టిందో లెక్క తీశారు. 1998లో ఆ లెక్క అచ్చయింది. జబ్బు ఉన్నవాళ్ల అడుగుల మధ్య తేడా ఎక్కువగా ఉంది. ఒకటి త్వరగా పడుతుంది, ఒకటి ఆలస్యంగా పడుతుంది."

"మంచి నడకలో తేడాలే ఉండవా?" అంది కోడలు.

"ఉంటాయి. ఇద్దరు రోకళ్లతో దంచుతుంటే ఏ రెండు పోట్లూ అచ్చం ఒకేలా పడవు. అయినా వరస తప్పదు. ఆరోగ్యమైన నడకా అంతే. చిన్న తేడాలుంటాయి. కానీ ఇప్పటి అడుగుకూ, ఎన్నో అడుగుల ముందు వేసిన అడుగుకూ సంబంధం ఉంటుంది. ముసలితనంలోనూ, హంటింగ్టన్ జబ్బులోనూ ఆ సంబంధం తగ్గుతుందని 1997లో తేలింది."

డాక్టరు మందులు రాశాడు. "ఈ మందులు జబ్బును పూర్తిగా పోగొట్టవు. కదలికను తేలిక చేస్తాయి. వేళకు వేయండి. మీ అంతట మీరు ఆపకండి. ఆయనను తొందరపెట్టకండి, పడిపోతాడు" అన్నాడు.

ఇంటికి వచ్చాక కోడలు గడప ముందు సుద్దతో అడ్డంగా గీతలు గీసింది. డాక్టరు చెప్పిన ఉపాయమే అది.

"మామయ్యా, గీత దాటండి. ఒకటి... రెండు..." అంది.

పెద్దాయన గీత చూశాడు. కాలు ఎత్తాడు. గడప దాటాడు.

కొడుకు తల దించుకున్నాడు. మర్నాటి నుంచి నాన్న చెయ్యి పట్టుకుని తనే నడిపిస్తున్నాడు. కోడలు అడుగులు లెక్క రాస్తోంది.

జవాబులు చెప్పండి

1. పెద్దాయన నడకలో ఏ మార్పులు వచ్చాయి?
2. కోడలు నోటుబుక్కులో ఏం రాసింది? అది డాక్టరుకు ఎలా పనికొచ్చింది?
3. గడప ముందు గీతలు ఎందుకు గీసింది?

చేసి చూడండి

మీ ఇంట్లో పెద్దవాళ్లను వాకిట్లో నడవమనండి. అడుగులు, సెకన్లు రాయండి. నడకలో కొత్త మార్పు కనిపిస్తే డాక్టరుకు చూపించండి.